ఉప్పుగాలిలో 220డి: పాత మెర్సిడెస్‌తో విశాఖలో ఏడేళ్లు

మా ఇంటి ముందు నిలిపిన 1974 నాటి మెర్సిడెస్ బెంజ్ 220డిని చూసి ఆగినవారు దాదాపు అందరూ ఇంజను గురించే అడుగుతారు. మైలేజీ ఎంత వస్తుంది, స్పేర్లు ఎక్కడ దొరుకుతాయి, తెల్లవారుజామున సెల్ఫ్ కొడితే వెంటనే అందుకుంటుందా అన్నవి వారి ప్రశ్నలు. వాటన్నిటికీ నా దగ్గర మంచి సమాధానాలే ఉన్నాయి. అయితే ఈ కారును కొని, పూర్తిగా విప్పించి, మళ్లీ కట్టించి, ఏడేళ్లుగా ఉంచుకున్నవాడిగా నేను చెప్పవలసిన అసలు మాట వేరే ఉంది. సముద్రానికి కూతవేటు దూరంలో ఉన్న ఊళ్లో ఇలాంటి కారును నిలబెట్టేదీ ముంచేదీ దాని రేకే. ఇంజను చెడిపోతే బాగుచేయించుకోవచ్చు. రేకును లోపలినుంచి తుప్పు తినేసిన కారుకు ఎంత మంచి ఇంజను ఉన్నా ఉపయోగం లేదు. అందుకే ఈ సమీక్షలో తుప్పు గురించిన మాటలే ఎక్కువగా ఉంటాయి, వేగం గురించిన మాటలు తక్కువగా ఉంటాయి.

2018 వేసవిలో చినవాల్తేరులోని ఒక పాత బంగళా వెనుక షెడ్డులో ఈ కారు నాకు కనిపించింది. ఆ ఇంటి పెద్దాయన వైద్యుడు. ఢిల్లీలో స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ అమ్మిన రాయబార కార్యాలయాల కార్లలో దీనిని ఎంచి తెచ్చుకున్నారని ఇంటివారు చెప్పారు. విదేశీ కార్ల దిగుమతికి తలుపులు దాదాపు మూసి ఉన్న ఆ కాలంలో, దౌత్యవేత్తలు వాడి వదిలిన కారును ఆ సంస్థ ద్వారా కొనడం మన పౌరుడికి బెంజి కారు దక్కే కొద్దిపాటి దారులలో ఒకటి. పెద్దాయన పోయాక కారును కదిలించేవారు లేకపోయారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఊరిని కుదిపివేసినప్పుడు షెడ్డు పైకప్పు దానిమీదే కూలింది. టాపు మీద రెండు లోతైన సొట్టలు, పగిలిన వెనుక అద్దం, ఆ సందులోంచి నాలుగు వర్షాకాలాల పాటు లోపలికి దిగిన నీరు, ఇదీ నేను చూసేనాటి స్థితి. అయినా ట్యాంకులోని పాత డీజిలును తోడించి, కొత్త బ్యాటరీ పెట్టి, సీసాలోంచి శుభ్రమైన డీజిలు అందిస్తే రెండో రోజు సాయంత్రానికి ఇంజను పలికింది. ఆ చప్పుడు వినగానే నేను బేరం కుదుర్చుకున్నాను. అలా చేయకుండా ఉండవలసింది. ఈ ఇంజను పలకడంలో విశేషమేమీ లేదు. ఒక అయస్కాంతం ముక్కను పలుచని గుడ్డలో చుట్టి కారు అంచుల వెంబడి జరిపి చూసి ఉంటే, అది ఎక్కడెక్కడ పట్టడం లేదో, అంటే ఎక్కడెక్కడ రేకు పోయి పుట్టీ మాత్రమే మిగిలిందో ఆ రోజే తెలిసేది.

మెర్సిడెస్ సంస్థ 1968 జనవరిలో విడుదలచేసి 1976 దాకా తయారుచేసిన శ్రేణిలోనిది ఈ కారు. ఆ శ్రేణిలో ఆరు సిలిండర్ల పెట్రోలు కార్లను డబ్ల్యూ114 అనీ, నాలుగు సిలిండర్ల వాటిని డబ్ల్యూ115 అనీ పిలుస్తారు. ఆకృతిని తీర్చిదిద్దినవాడు పాల్ బ్రాక్. అన్ని రకాలూ కలిపి సుమారు 19 లక్షల కార్లు తయారయ్యాయి, వాటిలో 220డి రకమే 4 లక్షలకు పైగా ఉంది. 2,197 సీసీల నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజను 60 హార్స్‌పవర్ ఇస్తుంది. ఈనాటి చిన్న కారు కూడా అంతకంటే ఎక్కువే ఇస్తుంది కాబట్టి ఆ అంకె చూసి కొందరు పెదవి విరుస్తారు. కానీ 1974లో మన రోడ్ల మీద కొత్తగా కొనడానికి ఉన్నవి అంబాసిడర్, ఫియట్, స్టాండర్డ్ మాత్రమే. వాటి పక్కన దీనిని ఊహించుకోవాలి. నాలుగు చక్రాలకూ డిస్కు బ్రేకులు, వెనుక చక్రాలు రెండూ దేనికదిగా గతుకును మింగేలా అమర్చిన సస్పెన్షన్, ప్రమాదంలో ముందు భాగం నలిగి లోపలివారిని కాపాడేలా కట్టిన బాడీ గుల్ల అప్పటికే ఇందులో ఉన్నాయి. 1973లో చేసిన మార్పుల తర్వాత తయారైనది కాబట్టి నా కారుకు వెనుక లైట్ల అద్దాలు గాళ్లు గాళ్లుగా ఉంటాయి. బురద ఆ గాళ్ల ఎత్తుభాగాన్ని కప్పినా లోతుభాగంలోంచి వెలుగు కనిపించాలన్నది వాటి ఉద్దేశం. బొగ్గుధూళి పడే మన ఓడరేవు ఊరికి అది ఎంతో పనికొచ్చే ఏర్పాటు.

దీనిని విలాసవంతమైన కారు అనవచ్చా అన్న సందేహం న్యాయమైనదే. ఐరోపాలో ఈ డీజిల్ కార్లు ఎక్కువగా టాక్సీలుగా తిరిగాయి. గ్రీసు దేశపు టాక్సీ డ్రైవరు ఒకరు ఇదే శ్రేణికి చెందిన 240డితో 46 లక్షల కిలోమీటర్లు తిరగగా, ఆ బండిని మెర్సిడెస్ సంస్థ తన మ్యూజియం కోసం తీసుకుంది. మన దగ్గర మాత్రం ఇది మంత్రులకూ, మిల్లు యజమానులకూ, పేరున్న వైద్యులకూ దక్కిన కారు. నా దృష్టిలో రెండు మాటలకూ పొంతన కుదురుతుంది. ఇందులో విలాసం అంటే తళుకులు కావు. చెక్క, తోలు, అలంకారాలు చాలా తక్కువ. తలుపు వేసినప్పుడు వచ్చే ఒకే ఒక్క బరువైన శబ్దంలో, స్ప్రింగుల మీద పీచు దిండు పరిచి కట్టిన సీటులో నాలుగు గంటలు కూర్చున్నా నడుము నొప్పి తెలియకపోవడంలో, ఏ మరను విప్పినా మళ్లీ అదే చోట అదే బిగువుతో కూర్చోవడంలో ఆ విలాసం ఉంది. అరుగుదలను ముందే లెక్కవేసి, విప్పి బాగుచేసుకోవడానికి వీలుగా కట్టిన వస్తువును వాడడం కూడా ఒక భోగమేనని నేను అనుకుంటాను.

ఇక తుప్పు సంగతికి వస్తాను. మన ఊరి గాలిలో ఉప్పు ఉంటుందన్నది అందరికీ తెలిసినదే, కానీ అది ఎలా పనిచేస్తుందో చాలామందికి తెలియదు. రేకు మీద పేరుకున్న ఉప్పు గాలిలోని తేమను తనలోకి లాక్కుని, కంటికి కనిపించని పలుచని ఉప్పునీటి పొరగా మారుతుంది. ఆ పొర ఉన్నంతసేపూ వాన పడకపోయినా, బండి ఎండలో నిలబడి ఉన్నా తుప్పు పని చేస్తూనే ఉంటుంది. అందువల్ల వానకు తడిసి ఆరిపోయే చోట్ల కంటే, గాలి ఆడక తేమ నిలిచే మడతల్లో, చుట్టూ రేకు మూసి లోపల బోలుగా ఉండే పెట్టె భాగాల్లో నష్టం ఎక్కువగా జరుగుతుంది. 220డిలో అలాంటి చోట్లు ఇవి: తలుపుల కింద పొడవునా సాగే పెట్టెలు, వాటిలో జాకీ దూర్చే గుంటలు, ముందు మడ్‌గార్డులకు చక్రం వెనుక ఉండే కింది కొస, బ్యాటరీ కింది పళ్లెం, డిక్కీలో స్టెప్నీ గుంట, వెనుక అద్దం కింది అంచు, కార్పెట్ల కింది నేల. నా కారులో వీటిలో ఒక్కటీ నిర్దోషంగా లేదు. డ్రైవరు కాళ్ల కింద కార్పెట్టు ఎత్తితే రోడ్డు కనిపించింది.

మొదట నేను ఊరిలోని ఒక షాపుకు బండిని అప్పగించాను. ఆ షాపు పేరు ఇక్కడ రాయను. వారు కన్నాల మీద రేకు ముక్కలు అతికి, గ్యాస్ వెల్డింగ్ పెట్టి, పుట్టీ దట్టంగా పూసి, కింది భాగమంతా నల్లటి మందపాటి అండర్ కోటింగ్ కొట్టి, మూడు నెలల్లో మెరిసే కారును చేతికిచ్చారు. చూసినవారంతా మెచ్చుకున్నారు. సరిగ్గా ఒక వర్షాకాలం గడిచేసరికి పెయింటు మీద సెనగగింజంత పొక్కులు లేచాయి. గోటితో నొక్కితే లోపలినుంచి నీరు వచ్చింది. కింద నల్లటి పూతను ఒకచోట గీకి చూస్తే, అది పెచ్చుగా ఊడి దాని వెనుక తడి తుప్పు కనిపించింది. తుప్పును తీయకుండా పైన మందపు పూత వేస్తే, ఆ పూత ఎండి బీటలు వారాక తేమ లోపలికి వెళ్లగలదు కానీ బయటికి రాలేదు. గ్యాస్ మంటకు పలుచని రేకు వంకరపోవడం, ఆ వంకరను కప్పడానికి మరింత పుట్టీ అవసరం కావడం మరొక నష్టం. ఆ డబ్బు, ఆ ఏడాది రెండూ పోయాయి.

రెండోసారి పని చేసినది గాజువాక ఆటోనగర్‌లో ఒక టింకరింగ్ మేస్త్రి. ఆయన కార్ల పనిలోకి రాకముందు సింధియా వైపు ఓడల మరమ్మతు కాంట్రాక్టర్ల దగ్గర పెయింటు పనిలో చాలా ఏళ్లు ఉన్నారు. షిప్‌యార్డును మొదలుపెట్టిన కంపెనీ పేరే ఆ ప్రాంతానికి నిలిచిపోయిన సంగతి విశాఖవాసులకు తెలుసు. ఈ ఊళ్లో పాత కారు బాగుచేయించుకునేవారికి ఆ షిప్‌యార్డు ఎంత మేలు చేసిందో మాత్రం నాకు ఆ మేస్త్రి దగ్గరే తెలిసింది. ఉప్పునీటిలో బతికే ఇనుముకు పెయింటు ఎలా నిలపాలో అక్కడ పనిచేసిన చేతులకు తెలుసు. ఆయన నా కారు పొక్కులు చూసి అన్న మొదటి మాట నాకు ఇప్పటికీ గుర్తుంది: “రంగు తప్పు కాదు సార్, రంగు కింద ఉప్పు ఉండిపోయింది. ఉప్పుండగా మీద ఏది కొట్టినా నిలవదు. ముందు మంచినీళ్లతో కడగాలి.”

ఆ మాట వెనుక గట్టి కారణం ఉంది. పెయింటు పొర నీటిని పూర్తిగా ఆపలేదు. అతి కొద్దిగా తేమను లోపలికి పోనిస్తుంది. కింద ఉప్పు మిగిలి ఉంటే అది ఆ తేమను తనవైపు లాగుతూ, పోగుచేస్తూ పొరను పైకి నెడుతుంది. నేను చూసిన పొక్కులు అవే. ఆయన పద్ధతి ప్రకారం మొదట పాత పెయింటును, పుట్టీని, నల్లటి పూతను చివరి పెచ్చు దాకా తీశారు. తర్వాత రేకును మంచినీటితో మూడుసార్లు కడిగి, ఆరబెట్టి, తుప్పును రుద్ది, మళ్లీ కడిగారు. పెట్టె భాగాల్లో ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న ద్రావణం పట్టించి, మిగిలిన సన్నని తుప్పును గట్టి పొరగా మార్చి, దానినీ కడిగి ఆరనిచ్చారు. పోయిన రేకు స్థానంలో 20 గేజ్ సీఆర్ షీటును, అంటే పలుచని ఉక్కు రేకును, పాత ఆకారానికి సరిపడా వంచి, కరెంటుతో తీగను కరిగించి అతికే మిగ్ వెల్డింగుతో చుక్కలు చుక్కలుగా, వేడి ఒకేచోట పేరుకోకుండా అతికారు. జాకీ గుంటలు రెండింటిని కొత్తగా కట్టవలసి వచ్చింది. దాని మీద జింకు కలిసిన ఎపాక్సీ ప్రైమరు, ఆపైన మిగతా పొరలు. చివరగా పెట్టె భాగాల లోపలికి సన్నని గొట్టంతో మైనం చిమ్మారు. ఆ మైనం ఎండిపోకుండా మెత్తగానే ఉండి, మడతల్లోకి పాకుతుంది. మందపు నల్లటి పూతకంటే ఇది ఎందుకు మేలో కారు కిందికి దూరి చూసినవారికి వెంటనే అర్థమవుతుంది. ఎక్కడైనా తుప్పు మొదలైతే అది కంటికి కనిపిస్తుంది.

పెయింటు విషయంలో ఆయన పట్టుదల నన్ను మొదట విసిగించింది. గాలిలో తేమ 85 శాతం దాటినా, రేకు ఉష్ణోగ్రత తుషార స్థానం (గాలిలోని తేమ నీటిబొట్లుగా మారే ఉష్ణోగ్రత) కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువగా లేకపోయినా పెయింటు కొట్టకూడదన్నది ఓడల పనిలో పాటించే నియమం. మన ఊళ్లో ఆ నియమం పాటిస్తే ఏడాదిలో ఎక్కువ రోజులు చేతులు కట్టుకుని కూర్చోవలసిందే. డిసెంబరు నుంచి ఫిబ్రవరి మధ్య, ఎండ బాగా ఎక్కిన పదకొండు గంటల తర్వాత, మళ్లీ సముద్రపు గాలి చల్లబడే లోపల దొరికిన ఆ కొద్ది గంటలే పని జరిగింది. నా కారు పెయింటు పూర్తికావడానికి రెండు చలికాలాలు పట్టింది. 2021 ఫిబ్రవరిలో చివరి పొర పడింది. ఆ పెయింటు మీద ఇప్పటికి ఒక్క పొక్కు లేవలేదు. ఈ పనికి అయిన ఖర్చు నేను కారు కొన్న ధరకు దాదాపు రెండు రెట్లు. అందులో నాలుగో వంతు కూడా పెయింటు డబ్బాల ఖరీదు కాదు. మిగిలినదంతా మనుషుల శ్రమ, వారి ఓర్పు. ఎవరైనా పాత కారును రెండు నెలల్లో కొత్తదానిలా చేసి ఇస్తామంటే విశాఖలో నేను నమ్మను.

ఇంజను గురించి ఇంత రాయవలసిన పని లేదు. హెడ్డు విప్పించి వాల్వులు రాపించాను, నాజిళ్లు మార్పించాను, డీజిల్ గొట్టాలన్నీ కొత్తవి వేయించాను. పిస్టన్లను తాకలేదు. ఇబ్బంది పెట్టినది సిలిండర్లకు డీజిలు అందించే ఇంజక్షన్ పంపు ఒక్కటే. ఈ పంపులో వేగాన్ని అదుపు చేసే ఏర్పాటు గాలి మీద ఆధారపడి పనిచేస్తుంది. ఇంజను లోపలికి గాలి పీల్చుకునే దారిలో ఒక చిన్న రెక్క ఉంటుంది, దాని వల్ల ఏర్పడే పీడన భేదం పంపు వెనుక ఉన్న తోలు పొరను, అంటే డయాఫ్రాన్ని కదిలిస్తుంది. యాభై ఏళ్లనాటి తోలు ఎండి గట్టిపడితే ఇంజను ఐడిలింగులో ఊయల ఊగినట్టు ఊగుతుంది. చిరిగితే అదుపు తప్పుతుంది. ఈ లక్షణం తెలియని మెకానిక్కులు నాజిళ్ల మీద, డీజిలు మీద నెపం వేసి డబ్బు ఖర్చుచేయిస్తారు. డయాఫ్రం మార్చి, పంపును బెంచి మీద క్యాలిబ్రేషన్ చేయించాక ఇంజను గడియారంలా తిరిగింది. స్టార్టు చేసే ముందు ఇంజనును లోపల వేడిచేసే హీటర్ ప్లగ్గుల విషయంలో కూడా ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఇవి నాలుగూ ఒకదాని తర్వాత ఒకటిగా ఒకే తీగలో కలిపి ఉంటాయి కాబట్టి ఒక్కటి పోతే నాలుగూ వేడెక్కవు. మన ఊరి ఉదయాల్లో ఇరవై లెక్కపెట్టేసరికి చాలినంత వేడెక్కుతాయి.

స్పేర్ల ప్రశ్నకు సమాధానం చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది. 220డి ఇంజనుకు స్వంత తమ్ముడనదగిన ఓఎం616 ఇంజనును డైమ్లర్ బెంజ్ సంస్థ నుంచి సాంకేతికతను తీసుకుని మన దేశంలో బజాజ్ టెంపో తయారుచేసింది. మన ఏజెన్సీ ఘాట్లలో జనాన్ని మోసిన ట్రాక్స్ జీపులు, ఊరూరా తిరిగిన టెంపో ట్రావెలర్ వ్యానులు ఆ ఇంజనుతోనే నడిచాయి. రెండు ఇంజన్లకూ స్ట్రోకు, అంటే పిస్టను కదిలే దూరం, 92.4 మిల్లీమీటర్లే, బోరు, అంటే సిలిండరు వెడల్పు, మాత్రం 220డికి 87, ఆ 2.4 లీటర్ల ఇంజనుకు దాదాపు 91. కాబట్టి పిస్టన్లు, హెడ్ గాస్కెట్టు సరిపోవు. కానీ ఫిల్టర్లు, కొన్ని సీళ్లు, చిన్నచిన్న సామాను దొరకడమే కాకుండా, ఈ ఇంజను స్వభావం తెలిసిన మెకానిక్కులు శృంగవరపుకోట (ఎస్.కోట) నుంచి పాడేరు దాకా ఉన్నారు. ట్యాపెట్ సెట్టింగ్ (వాల్వుల సందును సరిచేయడం) చేయడానికి పుస్తకం తెరవవలసిన అవసరం వారికి లేదు. జర్మనీ కారని భయపడి దీనిని పెద్ద నగరాలకు మోసుకుపోవాలనుకునేవారు ముందు ఎస్.కోటలో ఒక పాత ట్రాక్స్ మెకానిక్కుకు చూపించాలని నా సలహా. బయటి అలంకారం, రబ్బరు బీడింగులు, లైట్ల అద్దాల సంగతి వేరు. అవి మెర్సిడెస్ సంస్థ తన పాత కార్ల కోసం 1993లో ఫెల్‌బాక్‌లో నెలకొల్పిన క్లాసిక్ సెంటర్ ద్వారానో, విదేశీ విక్రేతల ద్వారానో రావాలి. ధర, రవాణా, కస్టమ్స్ సుంకం కలిసి ఒక అద్దం బీడింగుకే నెల జీతం చెల్లించిన సందర్భం ఉంది. అయినా 115తో మొదలయ్యే పార్టు నంబరు చెబితే యాభై ఏళ్ల తర్వాత కూడా సరైన ముక్క డబ్బాలో రావడం చిన్న విషయం కాదు.

లోపలి పని త్వరగా ముగిసింది. సీట్ల పీచు దిండ్లు మురిగిపోయి ఉండడంతో రబ్బరు కలిపిన కొబ్బరిపీచుతో కొత్తవి కట్టించాను. ఫోమ్ వేయమని కుట్టే అతను బతిమాలినా ఒప్పుకోలేదు. ఫోమ్ మన ఉక్కపోతలో తేమను పట్టి ఉంచుతుంది, పైగా ఆ కారు సీటు మీద కూర్చున్న అనుభూతే మారిపోతుంది. పాత యజమాని అమర్పించిన ఏసీని తీయలేదు కానీ ఊళ్లో మాత్రమే వాడతాను. కారణం ఘాటు రోడ్డు దగ్గర చెబుతాను.

నడపడం గురించి రాసేటప్పుడు ఆర్కే బీచి నుంచి భీమిలి దాకా ఉన్న దారితో మొదలుపెట్టడమే న్యాయం. ఆదివారం తెల్లవారుజామున కురుసుర జలాంతర్గామి దాటి, లాసన్స్ బే, తెన్నేటి పార్కు మీదుగా కైలాసగిరి పాదాన్ని చుట్టి, రుషికొండ, తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు దాటుకుంటూ భీమిలి చేరే ముప్పై కిలోమీటర్లలో ఈ కారు తన అసలు గుణాన్ని చూపిస్తుంది. గంటకు 135 కిలోమీటర్లు పోగలదని కంపెనీ చెప్పిన కారు ఇది. నేను 70 దాటించను, దాటించవలసిన అవసరం ఎప్పుడూ కలగలేదు. ఆ వేగంలో నాలుగో గేరులో ఇంజను తాపీగా కొట్టుకుంటుంది, పొడవైన బానెట్టు కొసన నిలబడిన నక్షత్రం సముద్రపు వెలుగులో కనిపిస్తుంది, స్పీడు బ్రేకర్ మీద కారు ఒక్కసారి లేచి ఒక్కసారి కూర్చుంటుంది, రెండోసారి ఊగదు. స్టీరింగు పెద్దది, కదులుతున్నప్పుడు తేలిక. నిలబడి ఉన్నప్పుడు మాత్రం నా కారుకు పవర్ స్టీరింగు లేనందువల్ల జగదాంబ జంక్షన్ దగ్గర పార్కింగు చేస్తే భుజాలు నొప్పెడతాయి. బీచి రోడ్డు మీద బస్సు వెనుక చిక్కుకుంటే ముందుకు దూకడానికి చాలినంత పికప్ లేదు, ఓపిక పట్టాలి. మైలేజీ ఊళ్లో లీటరుకు 10, హైవే మీద 12 వరకు వస్తోంది. బంకులో కుర్రాళ్లు డీజిలు మూత కోసం కారు చుట్టూ రెండుసార్లు తిరుగుతారు. అది వెనుక నంబరు ప్లేటు చాటున ఉంటుంది, ప్లేటును కిందికి వంచితే కనిపిస్తుంది.

సింహాచలం ఘాటు ఎక్కేటప్పుడు, అంతకంటే ముఖ్యంగా ఎస్.కోట దాటి అనంతగిరి మీదుగా అరకు వెళ్లేటప్పుడు 60 హార్స్‌పవర్ అంటే ఏమిటో తెలుస్తుంది. నలుగురు మనుషులు, సామాను ఉండి ఏసీ కూడా వేస్తే రెండో గేరులో కూడా ఇంజను మొరాయిస్తుంది. ఏసీ ఆపి, అద్దాలు దించి, రెండో గేరులో నిదానంగా పోనిస్తే టెంపరేచరు ముల్లు మధ్య గీత దాటకుండా గాలికొండ దాకా ఎక్కుతుంది. అలా ఎక్కడానికి కారణం రేడియేటరు. పాతకాలపు రాగి, ఇత్తడి రేడియేటరు కాబట్టి మూసుకుపోయిన కోరును విప్పించి కొత్తది అతికించగలిగాము, ప్లాస్టిక్ ట్యాంకుల రేడియేటర్లకు ఆ వీలు లేదు. దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే దిగితే నాలుగు డిస్కు బ్రేకుల మీద భారం పడదు. అరకు చేరేసరికి వెనుక సీటులోని మా అమ్మ నిద్రపోయి ఉండడం నేను ఈ సస్పెన్షన్‌కు ఇచ్చే పెద్ద మార్కు.

కాగితాల విషయం కొనబోయేవారు ముందే తెలుసుకోవాలి. 2021 జులైలో కేంద్ర మోటారు వాహనాల నియమాలకు చేసిన సవరణ ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపాన్ని నిలుపుకున్న వాహనాన్ని వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు. కొత్త నమోదుకు 20,000 రూపాయలు, పదేళ్ల తర్వాత పునరుద్ధరణకు 5,000 రూపాయలు రుసుము. నంబరులో రాష్ట్రం కోడు తర్వాత వీఏ అన్న అక్షరాలు వస్తాయి. నా కారుకు 2024లో ఆ అర్హత వచ్చింది. అయినా నేను మార్చుకోలేదు. ఆ నమోదు ఉన్న వాహనాన్ని ప్రదర్శనలకు, వింటేజ్ ర్యాలీలకు, సాంకేతిక పరిశోధనకు, డీజిలు నింపుకోవడానికి, మరమ్మతులకు మాత్రమే రోడ్డెక్కించాలి. నాకు ప్రతి వారం భీమిలి వెళ్లే కారు కావాలి. మామూలు రిజిస్ట్రేషన్ ఉంచుకుంటే ఐదేళ్లకోసారి పునరుద్ధరణ తప్పదు. దిగుమతి కార్లకు ఆ రుసుమును 2022 ఏప్రిల్ నుంచి 40,000 రూపాయలు చేశారు. 2025 ఆగస్టు సవరణతో 20 ఏళ్లు దాటిన దిగుమతి కార్లకు అది 80,000 రూపాయలు అయింది. పదేళ్లు దాటిన డీజిల్ కార్లపై ఢిల్లీ ప్రాంతంలో ఉన్న ఆంక్షలు మన రాష్ట్రంలో లేకపోవడం ఒక ఊరట. ఏడాదికి నాలుగు ర్యాలీలు చాలనుకునేవారికి వీఏ నంబరు మంచిదే, కానీ నడపకుండా నిలబెట్టిన కారును ఈ ఊరి గాలి మరింత త్వరగా తింటుందని గుర్తుపెట్టుకోవాలి.

నా పద్ధతి చెబుతాను. బీచి రోడ్డు మీద తిరిగివచ్చిన ప్రతిసారీ, ఎంత అలసటగా ఉన్నా, పైపుతో మంచినీళ్లు కారు అడుగుభాగానికి, చక్రాల గూళ్లకు, జాకీ గుంటలకు పట్టిస్తాను. పై భాగం మర్నాడు తుడిచినా నష్టం లేదు. తలుపుల కింది అంచున నీరు బయటికి పోయే సన్నని కన్నాలు ఉంటాయి, వాటిని నెలకోసారి పుల్లతో తీస్తాను. మూడు వైపులా మూసి ఉన్న షెడ్డులో కాకుండా, పైన కప్పు ఉండి గాలి ఆడే చోట నిలుపుతాను. కవరు కప్పను. కవరు కింద తేమ ఎంతసేపు నిలుస్తుందో ఒక ఉదయం దానిని ఎత్తి చేత్తో తాకి చూస్తే తెలుస్తుంది. ఏడాదికోసారి పెట్టె భాగాల్లో మైనం మళ్లీ చిమ్మిస్తాను. ఇంత శ్రద్ధ తీసుకునే తీరిక లేనివారు ఈ కారును విశాఖలో కొనవద్దు. లోతట్టు ఊళ్లో ఉన్నవారు, హైదరాబాదులోనో అనంతపురంలోనో, ఇదే కారును ఇందులో సగం కష్టంతో ఉంచుకోగలరు.

మొన్న సెప్టెంబరులో ఎడమవైపు వెనుక జాకీ గుంట అంచున, పెసరగింజంత గోధుమరంగు మచ్చ కనిపించింది. పెయింటు కింద పొక్కు కాదు, రాయి తగిలి పొర లేచిన చోట. మేస్త్రికి చూపించాను. ఆయన దానిని మంచినీళ్లతో కడిగి, ఆరాక మైనం పూసి, డిసెంబరులో ఎండ ముదిరాక తీసుకురమ్మన్నారు.